విప్పకూడని తీగ

జగిత్యాల,
ఆగస్టు 6

ఊర్మిలకు,

నా నంబరు నువ్వు బ్లాక్ చేసి ఆరేళ్లు దాటింది. పోయిన వారం వేరే నంబరు నుంచి చేస్తే గొంతు వినగానే పెట్టేశావు. కాగితాన్ని బ్లాక్ చేయడం కుదరదు కాబట్టి పోస్టులో వేస్తున్నాను.

నేను మనం చదివిన పాలిటెక్నిక్‌లోనే ఉన్నాను. పద్నాలుగేళ్ల సర్వీసు. ఇప్పుడు ఎలక్ట్రికల్ ల్యాబ్ కూడా నాకే అప్పగించారు. వచ్చే ఏడాది హెచ్‌ఓడీని చేస్తామని ప్రిన్సిపాల్ మాట కూడా ఇచ్చారు. నువ్వు సిరిసిల్లలో ఏదో రిపేరు దుకాణం నడుపుతున్నావని విన్నాను. మంచిదే, ఊరికే ఇంట్లో కూర్చోవడం కంటే.

విషయానికి వస్తాను. వచ్చే నెల మా కాలేజీకి తనిఖీ కమిటీ వస్తోంది. ఫస్టియర్ పిల్లలకు వోల్టేజ్ సోర్సు, కరెంటు సోర్సు పాఠం నేనే చెబుతాను. వోల్టేజ్ సోర్సు అంటే లోడు ఎంత మారినా వోల్టేజ్ మారనిది, కరెంటు సోర్సు అంటే లోడు ఎంత మారినా కరెంటు మారనిది. ఇంతవరకు అందరికీ అర్థమవుతుంది. తర్వాత ఎవడో ఒకడు లేచి, "మేడమ్, బ్యాటరీ అంటే చూసినం. కరెంటు సోర్సు ఎట్లుంటది?" అని అడుగుతాడు. ఏటా ఇదే గోల. అది పుస్తకంలో బాణం గుర్తు వేసిన గుండ్రం మాత్రమేనని, బయట దొరికే వస్తువు కాదని చెప్పి కూర్చోబెడతాను. కానీ కమిటీ ముందు ఏదైనా చూపించాలని ప్రిన్సిపాల్ పట్టుబట్టారు. నీలాంటి చేతిపని వాళ్ల దగ్గర పనికొచ్చే పాత సామాను ఉంటుంది కదా, ఒకటి పంపు. ల్యాబ్ రికార్డులో సామాను ఇచ్చినవారు అన్న చోట నీ పేరు రాయిస్తాను.

మన అటెండర్ వెంకటి ఇంకా ఉన్నాడు. మనకు ల్యాబ్ చెప్పిన సంజీవ్ సార్ రిటైరైనా ఆయన నేర్పిన చిట్కాలన్నీ ఇతని నోట్లోనే ఉన్నాయి. నేను క్లాసు చెబుతుంటే వెనక నుంచి "అట్ల కాదు మేడమ్" అంటాడు. పిల్లల ముందు చాలా చులకనగా ఉంటుంది.

త్వరగా పంపు.

కల్యాణి

సిరిసిల్ల,
ఆగస్టు 14

కల్యాణి మేడమ్ గారికి,

"నీలాంటి చేతిపని వాళ్లు" అన్న చోట ఉత్తరం పక్కన పెట్టి, చాయ్ తాగి వచ్చి మళ్లీ చదివాను. రెండోసారి కూడా అలాగే ఉంది. కాబట్టి నువ్వు మారలేదని తేలిపోయింది, నాకు ఒక సందేహం తీరింది.

ఫైనలియర్ ప్రాజెక్టు గుర్తుందా. పవర్ సప్లై నేను చేశాను, రిపోర్టు నువ్వు రాశావు. ఎగ్జామినర్ ముందు నా వైపు చెయ్యి చూపించి, "ఈమె సోల్డరింగులో సాయం చేసింది సార్" అన్నావు. నీకు డిస్టింక్షన్, నాకు సెకండ్ క్లాసు. ఇప్పుడు సామాను ఇచ్చినవారి పేరు రాయిస్తానంటున్నావు. నాకు ప్రమోషనే వచ్చినట్టు.

నా దుకాణం సాంచాల గల్లీలో ఉంది. సాంచా అంటే మరమగ్గమని నీకు తెలియకపోవచ్చు, సిలబస్‌లో లేదు. మొన్న రాజం అనే ఆసామి తన కార్ఖానా ఇన్వర్టర్ బ్యాటరీ తెచ్చాడు. మీటరు పెడితే పన్నెండున్నర వోల్టులు. "బ్యాటరీ మంచిగనే ఉన్నది, ఇన్వర్టరే ఖరాబైంది" అన్నాడు. నేను ఒక కారు హెడ్‌లైట్ బల్బు తగిలించాను. మీటరు తొమ్మిదికి పడిపోయింది. ఊరికే ఉన్నప్పుడు అందరూ పన్నెండున్నరే చూపిస్తారు. పని పడినప్పుడు లోపలి నిరోధం ఎంతో బయటపడుతుంది. నీ పుస్తకంలో సోర్సుకు లోపలి నిరోధం సున్నా అని రాసి ఉంటుంది. అలాంటిది నేను ఇంతవరకు చూడలేదు, నిన్ను కూడా కలిపే చెబుతున్నాను.

ఇక కరెంటు సోర్సు బయట దొరకదన్నావు. నీ ఇంట్లో ఎల్‌ఈడీ లైటు ఉంటే, దాని వెనక ఉన్న చిన్న డబ్బా అదే. డ్రైవర్ అంటారు. దాని మీద మూడు వందల మిల్లీ ఆంపియర్లు అని రాసి ఉంటుంది. పది ఎల్‌ఈడీలు వరసగా తగిలించినా మూడు వందలే పంపుతుంది, ఆరు తగిలించినా మూడు వందలే. దానికి తగ్గట్టు వోల్టేజ్‌ను తనే పెంచుకుంటుంది, తగ్గించుకుంటుంది. పద్నాలుగేళ్ల నుంచి ఆ వెలుగు కింద కూర్చుని, అది లోకంలో లేదని పిల్లలకు చెబుతున్నావు.

ఒక డ్రైవరు, రెండు ఎల్‌ఈడీ పట్టీలు పార్సిల్‌లో పెట్టాను. ఒకటే మాట. బ్యాటరీతో చేయకూడని పని వేరు, కరెంటు సోర్సుతో చేయకూడని పని వేరు. ఆ తేడా ఏమిటో రాయడానికి ఒక్క వాక్యం చాలు. కానీ రాయను. డిస్టింక్షన్ తెచ్చుకున్నదానివి, నువ్వే కనుక్కో.

ఊర్మిల
(సోల్డరింగులో సాయం చేసినది)

జగిత్యాల,
సెప్టెంబర్ 27

ఊర్మిలకు,

పార్సిల్ అందింది. పట్టీలు బాగానే వెలిగాయి, కమిటీ వాళ్లు మెచ్చుకున్నారు. నీ భాష మాత్రం సాంచాల గల్లీ భాషే. చదువు అందరికీ పడదని నేను అప్పుడే అనుకున్నాను.

కమిటీ వచ్చిన రోజు ఒక చిన్న అపశ్రుతి జరిగింది. వెంకటి అజాగ్రత్త వల్ల తనే దెబ్బ తగిలించుకున్నాడు. పెద్ద మోటారు లోడ్ టెస్టు బోర్డు మీద అమ్మీటరు ముల్లు కదలడం లేదని మారుస్తూ, స్టూలు మీద నుంచి పడ్డాడు. కుడి మణికట్టు విరిగింది. రెండు వేళ్లు కాలాయి. మెయిన్ స్విచ్ ఆపకుండా పని చేస్తే ఇంకేమవుతుంది? ప్రిన్సిపాల్ రిపోర్టు అడిగితే ఉన్నదున్నట్టు రాసిచ్చాను. అటెండర్ నిర్లక్ష్యం అని.

ఇప్పుడు కోరుట్లలో ఇంటి దగ్గరే ఉన్నాడు. నేను ఫోన్ చేయలేదు, విచారణ నడుస్తుండగా చేయడం పద్ధతి కాదు.

ఒక చిన్న సందేహం, ఊరికే చదువు కోసం అడుగుతున్నాను. ఆ అమ్మీటరు ఐదు ఆంపియర్లది, చిన్నది. దాని తీగ విప్పితే మనిషికి అంత షాక్ ఎలా వస్తుంది? విప్పితే సర్క్యూటు తెగిపోతుంది, కరెంటు ఆగిపోతుంది. షార్టు చేస్తేనే కదా ప్రమాదం. మనం మొదటి రోజు నేర్చుకున్నది అదే. విచారణలో ఎవరైనా అడిగితే చెప్పడానికి నాలుగు లైన్లు రాసి పంపు.

కల్యాణి

సిరిసిల్ల,
అక్టోబర్ 3

కల్యాణీ,

ఊరికే చదువు కోసం అడుగుతున్నానన్న చోట రెండుసార్లు కొట్టేసి మళ్లీ రాశావు. ఊరికే కాదని అది చూస్తేనే తెలుస్తోంది.

ఆ బోర్డు నాకు తెలుసు. సంజీవ్ సార్ దాని మీద మన చేత పది రీడింగులు తీయించేవారు. నువ్వు ఎప్పుడూ రీడింగులు రాసే వైపే నిలబడేదానివి, అందుకే వెనక ఏముందో చూడలేదు. మోటారుకు పోయే లావు తీగ చుట్టూ ఇనుప ఉంగరం లాంటిది ఉంటుంది. దాని పేరు కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్. లావు తీగలో నలభై ఆంపియర్లు పోతుంటే, ఉంగరం మీది సన్న తీగలో రెండు ఆంపియర్లు పంపుతుంది. అమ్మీటరు ఆ సన్న తీగకే తగిలించి ఉంటుంది. మోటారు నడిచినంత సేపూ అది ఆ రెండు ఆంపియర్లను ఎలాగైనా పంపాలని చూస్తుంది.

అంటే అది కరెంటు సోర్సు. పద్నాలుగేళ్ల నుంచి నీ పిల్లలు ఎట్లుంటదని అడుగుతున్నది నీ ల్యాబు గోడకే వేలాడుతోంది.

బ్యాటరీ రెండు కొసలు కలిపితే ప్రమాదం, విప్పితే క్షేమం. దీనికి తిరగేసి చదువుకో. కలిపితే క్షేమం, విప్పితే ప్రమాదం. దారి మూసేసినా కరెంటును తోయాలని చూస్తుంది కాబట్టి విప్పిన కొసల మధ్య వోల్టేజ్ వందల్లోకి లేస్తుంది. అందుకే మీటరు మార్చాలంటే ముందు ఒక తీగ ముక్కతో రెండు కొసలూ కలిపేసి, ఆ తర్వాత విప్పాలి. లేదా మోటారు ఆపాలి. ఎల్‌ఈడీ డ్రైవరు సంగతీ కొంతవరకు అంతే. ఆగస్టులో నేను రాయనన్న వాక్యం ఇదే.

రాయకుండా ఆపినప్పుడు నాకు చాలా బాగా అనిపించింది. నిన్ను ఒక మెట్టు కింద నిలబెట్టాననుకుని ఆ పూట ఇంకో చాయ్ కూడా తాగాను. ఆ తృప్తికి వెంకటి చెయ్యి విరిగింది. దీనికి నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను, నీ సాయం అక్కర్లేదు.

కానీ వెంకటి ఇరవై రెండేళ్లుగా ఆ బోర్డు దగ్గర ఉన్నాడు. సంజీవ్ సార్ దగ్గర నేర్చుకున్నవాడు. తనంతట తాను మోటారు నడుస్తుండగా ఆ తీగ విప్పడు. ఎవరో విప్పమన్నారు. ఎవరో రాసి పంపు.

ఊర్మిల

జగిత్యాల,
అక్టోబర్ 19

ఊర్మిలకు,

నన్ను నిలదీయడానికి నువ్వెవరు? బల్ల మీద నాలుగు బోర్డులు పెట్టుకుని సీసం కరిగించే నీకు, ఒక డిపార్ట్‌మెంటు నడపడం అంటే ఏమిటో తెలుసా?

సరే, విను. నేనే విప్పమన్నాను. కమిటీ వాళ్లు పక్క గదిలో ఉన్నారు. పిల్లలు చివరి రీడింగు మీద ఉన్నారు. మోటారు ఆపితే మళ్లీ మొదటి నుంచి చేయాలి, ముల్లు కదలని మీటరు కమిటీ కంట్లో పడితే నా పరువు పోతుంది. "చిన్న మీటరే కదా, తీగలు తీసి వేరేది పెట్టు" అన్నాను. ఎవరైనా అదే అంటారు. చదువుకున్నవాళ్లు అయితే అదే అంటారు.

ఇందులో నా తప్పు ఎంత? పుస్తకంలో ఒక పేరాలో ఉంది, నిజమే. నిన్న తీసి చూశాను. పరీక్షలో ఎప్పుడూ రాదని నేను దాని కింద గీత గీసుకోలేదు.

ఇప్పుడు నిజం రాస్తే హెచ్‌ఓడీ పోస్టు పోతుంది. అది పోతే పోనీ అనుకున్నా, ల్యాబ్ పాఠం చెప్పే మేడమ్‌కు ల్యాబ్ తెలియదని ఊరంతా చెప్పుకుంటారు. క్లాసులోకి ఏ ముఖంతో వెళ్లాలి? వెంకటికి ఏముంది, ఇంకెక్కడైనా పని చూసుకుంటాడు. అతను నా మీద ఒక్క మాట కూడా ఎవరితోనూ అనలేదు. మెమో ఇస్తే సంతకం పెట్టి తీసుకున్నాడట. తప్పు లేనివాడు అలా ఊరుకుంటాడా?

నవంబర్ 18 సోమవారం విచారణ. నా రిపోర్టు ఉన్నది ఉన్నట్టు నిలబడితే అతన్ని తీసేస్తారు. నువ్వు ఇందులో తల దూర్చకు.

కల్యాణి

సిరిసిల్ల,
నవంబర్ 9

కల్యాణీ,

తల దూర్చొద్దన్నావు కాబట్టి మనిషినే వెళ్లాను. ఆదివారం కోరుట్ల బస్సెక్కి వెంకటి ఇంటికి పోయాను. భార్య సారక్క బీడీలు చుడుతోంది. అతను ఎడమ చేత్తో అన్నం కలుపుకుంటున్నాడు. వేళ్లు రెండూ ఇంకా వంగడం లేదు.

నన్ను చూసి లేవబోయాడు. "సెకండ్ క్లాస్ ఊర్మిలమ్మ" అని నవ్వాడు. నీ గురించి అడిగాను. "మేడమ్ పెద్ద చదువు చదివింది, ఆమెను ఏం అంటం" అన్నాడు. ఆ మాట పొగడ్త అనుకోకు. నా జన్మలో ఇంత ఛీత్కారం నేను వినలేదు. నేను ఇన్ని ఉత్తరాల్లో తిట్టింది ఒక ఎత్తు, ఆ పెద్దమనిషి నిన్ను తిట్టడానికి కూడా పనికిరానిదానిలా పక్కన పెట్టడం ఒక ఎత్తు.

సారక్క మాత్రం ఊరుకోలేదు. "ఎవ్వలు తీయమన్నరో ఈయన చెప్పడు. నేను అడిగితె కోపానికస్తడు. మీకు తెలుసా అమ్మా?" అని అడిగింది. నాకు తెలుసు. చెప్పలేదు. అది నువ్వు చెప్పాల్సిన మాట.

ఇంకో ఉత్తరం నాకు రాయకు. రాసే ఓపిక ఉంటే విచారణ కమిటీకి రాయి.

ఊర్మిల

జగిత్యాల,
నవంబర్ 17

ఊర్మిలా,

రాయొద్దన్నావు. ఈ ఒక్కటీ చదివి పారెయ్.

కమిటీకి రాశాను. నాలుగు రోజులు పట్టింది. నలభై నిమిషాల క్లాసు కాగితం లేకుండా చెప్పేదాన్ని, ఒక్క పేజీ రాయడానికి ఏడు కాగితాలు చించాను. తీగ విప్పమన్నది నేనేనని, మోటారు ఆపనివ్వలేదని, మొదటి రిపోర్టు అబద్ధమని, వెంకటిని తీసేయవద్దని రాశాను. రాయడం అయిపోయాక నా మీద నాకే గౌరవం కలిగింది. ఇంత నిజం ఎవరు రాస్తారు అనుకున్నాను. నవ్వకు, అలాగే అనుకున్నాను.

రేపు ఇచ్చేముందు వెంకటికి చూపిద్దామని ఈ ఉదయం కోరుట్ల వెళ్లాను. చూపిస్తే కళ్లనీళ్లు పెట్టుకుంటాడని, చేతులు జోడిస్తాడని దారి పొడుగునా ఊహించుకున్నాను. వద్దులే వెంకటీ అనడానికి మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను.

సారక్క కుర్చీ వేసింది, చాయ్ ఇవ్వలేదు. వెంకటి నులక మంచం మీద కూర్చున్నాడు. "చదువుండ్రి మేడమ్" అన్నాడు. చదివాను. విప్పమన్నది నేనేనన్న చోట సారక్క చేతిలోని బీడీ ఆకు కింద పెట్టేసింది. నేను చదువుతూనే ఉన్నాను. చివర్లో ఒక వాక్యం ఉంది. అతనికి మేలు జరగాలనే రాశాను. "వెంకటి పెద్దగా చదువుకోనివాడు, ఇందులోని ప్రమాదం తెలియని అమాయకుడు, నేను చెప్పినది నమ్మి చేశాడు."

అక్కడ ఆపమన్నాడు.

"అమాయకుడు అని రాసిండ్రా?"

"నీ మీద తప్పు లేదని చెప్పడానికే వెంకటీ."

"నాకు తెల్వదని రాసిండ్రు."

నేను కాగితంలో ఆ వాక్యాన్ని మళ్లీ చూసుకున్నాను.

"నా చేతుల తీగ ముక్క ఉండె గద మేడమ్. రెండు కొసలు గీకి పెట్టుకున్న. ముందుగాల్ల ఇది కలుపుదం, తర్వాత ఇప్పుదం అని అన్న. అన్ననా లేదా?"

ఇది నీకు ఏ ఉత్తరంలోనూ రాయలేదు ఊర్మిలా. నాకు నేను కూడా చెప్పుకోలేదు. అతను అన్నాడు. తీగ ముక్క ఎత్తి చూపించాడు. నడుస్తున్న బోర్డు మీద తీగ ముక్క కలపడమేమిటి, షార్టు చేసి కాలేజీ తగలబెడతాడా అనిపించింది. పిల్లలంతా చూస్తున్నారు. "నీకు తెలుసా, నాకు తెలుసా? చెప్పింది చెయ్" అన్నాను. ఒకడు నవ్వాడు. వెంకటి ఆ ముక్కను జేబులో పెట్టుకుని స్టూలెక్కాడు.

"అన్నడా లేదా మేడమ్, గా మాట?" అని సారక్క అడిగింది.

"అన్నాడు" అని చెప్పాను.

"ఏమైతదో తెల్సి కూడా ఎందుకు ఎక్కినవ్?" అని ఆమె భర్త మీదకు తిరిగింది.

అతను వంగని వేళ్లను చూసుకుంటూ జవాబిచ్చాడు. "అందరి ముంగట నీకు తెలుసా అన్నది. ఇగ నాకు తెల్వదనే ఎక్కిన."

తర్వాత నాతో నెమ్మదిగా అన్నాడు. "పని పోతె పోనీయుండ్రి. ఇరువై రెండేండ్లు గా ల్యాబుల ఉన్న. సంజీవ్ సార్ చెయ్యి పట్టి నేర్పిండు. నిర్లక్ష్యం అని రాస్తే ఊకున్న, గది మనిషన్నోనికి ఎవ్వలకన్న ఉంటది. నాకు తెల్వదని మాత్రం రాయకుండ్రి."

మెమో మీద ఎందుకు సంతకం పెట్టాడో అప్పుడు అర్థమైంది. తప్పు ఒప్పుకోలేదు. నాతో వాదించడం తన స్థాయికి తక్కువ అనుకున్నాడు. పద్నాలుగేళ్లు నేను అతన్ని ఎంత చిన్నగా చూశానో, అంతకంటే చిన్నగా నన్ను చూసి ఊరుకున్నాడు. నా జాలిని మాత్రం భరించలేకపోయాడు.

నేను కాగితం మోకాలి మీద పెట్టుకుని ఆ వాక్యం కొట్టేశాను. పెన్ను పట్టుకుని కూర్చున్నాను. వోల్టేజ్ సోర్సు నిర్వచనం నిద్రలో లేపినా చెప్పేదాన్ని, ఇది ఎలా రాయాలో తెలియలేదు. "చెప్పు వెంకటీ, రాస్తాను" అన్నాను.

అతను చెప్పాడు, నేను రాశాను. "కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్ కొసలు ముందు కలిపి, తర్వాతే మీటరు విప్పాలని వెంకటి ముందే చెప్పాడు. అతనికి తెలుసు. నాకు తెలియదు. నేను వినలేదు."

సంతకం కింద తేదీ వేశాను. వెంకటి మళ్లీ చదవమన్నాడు. చదివాను. సారక్క వైపు తిరిగి, "ఇన్నవా?" అన్నాడు. ఆమె విన్నానంది.

"ఇంకొక్కసారి చదువుండ్రి మేడమ్" అన్నాడు, "జర గట్టిగ."

వాకిట్లో పక్కింటివాళ్లు ఇద్దరు నిలబడి ఉన్నారు. నేను లేచి నిలబడి చదివాను.

కల్యాణి